గొర్రెల ఉప్పు

మా ఊళ్ళో పాత కష్టాల మాట వస్తే మా వదిన మాట కూడా వస్తుంది. హైదరాబాదు సంస్థానం సరిహద్దు మూసేసిన ఏడు కోస్తా వైపు నుంచి ఉప్పు బండ్లు రావడం ఆగిపోయిందనీ, తిండికి ఉప్పు లేక గొర్రెలవాళ్ళ ఇంటి కోడలొకామె కుప్పకూలిందనీ, మరిది ఆమెను కోదాడ తీసుకుపోయి బతికించాడనీ చెబుతారు. ఆ మరిదిని నేనే. ఈమధ్య మా ఊరి బడిపంతులు ఆ రోజుల సంగతులు పోగు చేస్తూ నా దగ్గరికి వచ్చాడు. తాను విన్న కథ తనే చెప్పి, ఇంతేగదా అని అడిగాడు. నేను తల ఊపాను. అతను వెళ్ళిపోయాక ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ఆ కథలో కోదాడ నిజం. ఉప్పు బండ్లు ఆగిపోవడం నిజం. తిండికి ఉప్పు లేక అన్నది నిజం కాదు. ఆమెను నేను బతికించానన్నది అంతకంటే నిజం కాదు.

మాది చివ్వెంల పక్కనున్న చిన్న ఊరు. నాయిన నా చిన్నతనంలోనే పోయాడు. ఇంట్లో అమ్మ, అన్న, వదిన, నేను. బతుకు తెరువంతా గొర్రెల మందే. వదిన కాపురానికి వచ్చేనాటికి నేను మంద వెంట తిరుగుతున్నాను. నన్ను సూర్యాపేట ఉర్దూ బడికి పంపాలని అన్నతో వాదులాడింది ఆమే. ఇంట్లో ఒక్కడికైనా కాగితం చదవడం రాకపోతే ఎట్లా అని ఆమె వాదన. ఆమె మాట నెగ్గింది. నాకు జొన్నరొట్టె మూట కట్టి, ఊరి పొలిమేర దాకా వచ్చి సాగనంపేది. అలా చదివిన చదువుతోనే నేను మిర్యాలగూడలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా కుదిరాను.

ఆ డాక్టరు హైదరాబాదు నుంచి వచ్చినవాడు. ఆయన దగ్గర రక్తపు పోటు కొలిచే పరికరం ఉండేది. చెక్కపెట్టెలో నిలువు గాజు గొట్టం, అందులో పాదరసం. ఆ పెట్టెను నేను తుడవవచ్చు, మోయవచ్చు, పట్టీ కట్టి పాదరసం ఎక్కించడానికి మాత్రం వీల్లేదు. నిడమనూరు నుంచి ఒక వడ్ల వ్యాపారి తరచుగా వచ్చేవాడు. భారీ మనిషి, ఎర్రటి కళ్ళు. తల తిరుగుతోందని, మెడ వెనక పట్టేస్తోందని చెప్పేవాడు. పట్టీ బిగించి రబ్బరు బుడ్డి నొక్కితే పాదరసం గొట్టంలో చాలా పైకి పోయేది. డాక్టరు ఆయనకు ఉప్పు పూర్తిగా మాన్పించాడు. పచ్చడి లేదు, అప్పడం లేదు, మజ్జిగలో కూడా ఉప్పు లేదు.

వ్యాపారి నా దగ్గరికి వచ్చి మొర పెట్టుకునేవాడు. "ఏం కాంపౌండరూ, మీ డాక్టర్ సాబ్‌కు నామీద ఏం పగ? ఉప్పు లేని పప్పు తినుడు కంటె రోజుకో సూది పొడిపిచ్చుకునుడు నయం. మా ఇంటామె అయితే సంబరపడుతుంది, వంట బాగలేదని నేను ఇగ అనలేను గద." డాక్టరు నవ్వేవాడు గాని ఉప్పు ఇవ్వలేదు. కొన్నాళ్ళకు వ్యాపారికి తల తిరగడం తగ్గింది. అది నా కళ్ళతో చూశాను. రక్తపు పోటు గురించి నాకు తెలిసిందంతా అదే. తల తిరిగితే పోటు, పోటు ఉంటే ఉప్పు బంద్.

సరిహద్దులో రాకపోకలు ఆగిపోయి, ఊళ్ళలో గడబిడలు ముదిరాక డాక్టరు దవాఖానకు తాళం వేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చాను. దొడ్డి దగ్గర పేడ ఎత్తుతున్న మనిషిని చూసి ఎవరో కూలికి వచ్చిన ముసలామె అనుకున్నాను. తల ఎత్తితే వదిన.

ఆమె బాగా చిక్కిపోయింది. ఎండకు తిరిగే మనిషి నల్లబడటం వింత కాదు, కానీ ఆమె నలుపు ఎండ నలుపులా లేదు. అరచేతి గీతలు బొగ్గుతో గీసినట్టు ఉన్నాయి. వేలి కణుపు మీద కొడవలికి తెగిన మచ్చ చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా ఉంది. పెళ్ళికి ముందు ముంజేతి మీద పొడిపించుకున్న పచ్చబొట్టు ఒకటి ఆమెకు ఉండేది. చిన్నప్పుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి నేను లెక్కలు నేర్చుకునేవాణ్ణి. ఇప్పుడు వెతికితే గాని కనిపించలేదు. కూర్చున్న చోటు నుంచి లేవడానికి ఆమె గోడ పట్టుకునేది. లేచాక కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, ఆ తర్వాత అడుగు వేసేది.

ఇంట్లో వాళ్ళను బాధిస్తున్నది ఆమె చిక్కిపోవడం కాదు. ఉప్పు.

మా గొర్రెలవాళ్ళలో అమావాస్యకు మందకు ఉప్పు పెట్టడం ఉండేది. దొడ్డి ముందు పరిచిన నున్నటి బండల మీద దొడ్డుప్పు చల్లితే గొర్రెలు వచ్చి నాకుతాయి. ఉప్పు నాకిన గొర్రె బాగా నీళ్ళు తాగుతుంది, బాగా మేస్తుంది, ఈత బాగుండి పిల్లలు బలంగా పుడతాయి. ఉప్పు పెట్టడం ఆడవాళ్ళ పని. ఇంట్లో మనుషులు తినే ఉప్పు వేరు, గొర్రెల ఉప్పు కుండ వేరు. సరిహద్దు మూసేశాక ఊళ్ళో మనుషుల ఉప్పే చాలామందికి కరువైంది. మా అమ్మ ముందుచూపు గలది. బండ్లు ఆగిపోతాయన్న మాట వినగానే గొర్రెల కోసమని కుండ నిండా కొనిపెట్టింది. అందులో నుంచే ఇంటికీ కొంచెం కొంచెం వాడేది.

ఆ కుండలోని ఉప్పు గళ్ళు వదిన కొంగున కట్టుకుని రోజంతా చప్పరిస్తోందని అమ్మ నాకు చెప్పింది. అది చాలక, గొర్రెలు నాకి పోయిన బండల మీద నీళ్ళు చల్లి, ఆ నీళ్ళను చిప్పలోకి ఒడిసిపట్టి తాగుతుందట. మొదట్లో కడుపుతో ఉందేమో, ఆ వేవిళ్ళ కోరికేమో అనుకుని ఇంట్లో సంతోషపడ్డారు. నెలలు గడిచినా కడుపూ లేదు, కోరికా పోలేదు. ఎవరో గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. ఊళ్ళో ఆడవాళ్ళు బావి దగ్గర ఆమెను ఉప్పు దొంగ అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. అమ్మ కూడా ఊరుకోలేదు.

"ఓ పిల్లా, నువ్వు కూడ మందల పడుకో. నీకొక గంట కడుతం," అని నా ముందే అన్నది.

వదిన తల వంచుకుని, "కట్టు అత్తా. గంట కడితెనన్న ఉప్పు పెడ్తవు గద," అన్నది. అమ్మకు నవ్వు వచ్చింది గాని మింగేసింది.

ఆ సాయంత్రం అన్న నన్ను దొడ్డి వెనక్కి తీసుకుపోయాడు. అన్న మాట తక్కువ మనిషి. భార్యను గట్టిగా ఒక మాట అనడం అతనికి చేతకాదు. తల్లికి ఎదురు చెప్పడమూ చేతకాదు. చాలాసేపు గొర్రెల గురించి మాట్లాడి, చివరికి విషయానికి వచ్చాడు.

"నువ్వు దవాఖానల ఉన్నోనివి తమ్మీ. గా ఉప్పు తినుడు ఒంటికి మంచిది గాదని జర చెప్పు. నేను చెప్తే లొల్లి అయితది. నువ్వు చెప్తే ఇంటది."

ఆమె ఒంటికి ఏమైందో చూడమని అతను నన్ను అడగలేదు. ఉప్పు మాన్పించమని అడిగాడు. ఈ రెండూ వేరని నాకు ఆ క్షణంలోనే తెలుసు. నేను ఆమెకు తల తిరుగుతుందా అని అడిగాను. లేచినప్పుడల్లా తిరుగుతుందని చెప్పాడు. నాకు నిడమనూరు వ్యాపారి గుర్తుకు వచ్చాడు. దారి దొరికిందనిపించింది.

మరునాడు వదినను కూర్చోబెట్టి నాడి చూశాను. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వ్యాపారి నాడి వేలి కింద సమ్మెట దెబ్బలా కొట్టేది. వదిన నాడి వెతుక్కుంటే గాని దొరకలేదు. దొరికినా వేలు కాస్త నొక్కితే మాయమైపోయేది. రెండూ ఒకటే జబ్బు కావడం ఎలా అని నాకు సందేహం కలిగింది. ఆ సందేహాన్ని అక్కడే వదిలేసి, డాక్టరు గొంతుతో చెప్పాను, ఇది రక్తపు పోటు అని, ఉప్పు దీనికి విషం అని.

"ఉప్పు లేకుంటె నోట్ల మన్ను పోసుకున్నట్టుంటది మరిదీ," అన్నది ఆమె.

"అలవాటైతది వదినా."

"ఎన్నొద్దులు?"

"తల తిరుగుడు తగ్గేదాంక."

ఆమె నా ముఖంలోకి కొంతసేపు చూసింది. "సదువుకున్నోనివి. గట్లనే కానియ్," అని లేచి, గోడ పట్టుకుని నిలబడింది.

అమ్మ గొర్రెల ఉప్పు కుండను లోపలి గదిలోకి మార్చి తలుపుకు గొళ్ళెం పెట్టింది. వదినకు జొన్న గటక వేరుగా, ఉప్పు లేకుండా వండేవారు. అమావాస్యకు ఉప్పు పెట్టే పని కూడా ఆమె చేతి నుంచి తీసేశారు. ఇంట్లో గొడవ తగ్గింది. అన్న ముఖం తేటపడింది. నన్ను చూసి అమ్మ, చదువు ఊరికే పోలేదని ఒకరిద్దరితో అన్నది. నేను సంతోషించాను.

వదిన మాట తప్పలేదు. ఎవరూ కాపలా కాయకపోయినా ఆ గొళ్ళెం తీయలేదు. మొదట తిండి తగ్గింది. తర్వాత తిన్నది కడుపులో నిలవలేదు. ఆ తర్వాత ఆమె గోడ పట్టుకుని కూడా లేవడం మానేసింది. పోటు తగ్గుతున్నప్పుడు నీరసం ఉంటుందని నేను చెబుతూ వచ్చాను. ఎవరూ అడగకపోయినా చెబుతూ వచ్చాను. అప్పుడే హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగింది. రోడ్డు మీద మిలటరీ బండ్లు పోతుంటే ఊరంతా చూడటానికి వెళ్ళింది. మేం తిరిగి వచ్చేసరికి ఆమె గడప దగ్గర పడి ఉంది. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. పిలిస్తే పలకలేదు. నాడి నాకు దొరకలేదు.

అన్న బండి కట్టాడు. సూర్యాపేట దవాఖానలో ఆ రోజు డాక్టరు లేడు. గుమ్మంలో ఉన్న మనిషి, రాకపోకలు మొదలయ్యాయి గనుక కోదాడ పొమ్మన్నాడు. అక్కడ సరిహద్దు అవతలి వైపు నుంచి వచ్చి ప్రాక్టీసు పెట్టిన డాక్టరు ఒకాయన ఉన్నాడట. ఖాళీగా పోతున్న ఒక లారీ మమ్మల్ని ఎక్కించుకుంది. వదినను గొంగడిలో పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారిలో ఎదురుగా బండ్ల బారు వచ్చింది. లారీ పక్కకు ఆగి దారి ఇచ్చింది. బస్తాల కుట్ల నుంచి రాలుతూ రోడ్డు మీద తెల్లటి గీత పడుతోంది. కోస్తా ఉప్పు. అన్న ఆ బండ్లను చూశాడు, నా వైపు చూడలేదు.

కోదాడ డాక్టరు బక్కపలచటి మనిషి, మాటలో కోస్తా యాస. ఆయన వదినను చూసీ చూడగానే పట్టీ కట్టాడు. నేను ఆ పాదరసాన్నే చూస్తున్నాను. మిర్యాలగూడలో వ్యాపారికి అది ఎక్కడ ఆగేదో నాకు గుర్తుంది. ఇక్కడ అది జారుతూ, జారుతూ, దాదాపు అడుగు దాకా వచ్చేసింది. డాక్టరు స్టెతస్కోపు సర్దుకుని మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. ఆ తర్వాత ఆమె అరచేతులు తిప్పి చూశాడు, పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. చిగుళ్ళ మీద నేరేడు పండు తిన్నట్టు మచ్చలు ఉన్నాయి. నేను అప్పటిదాకా చూడలేదు. సీసా వేలాడగట్టి, నరంలోకి ఉప్పునీళ్ళు, గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఉప్పునీళ్ళు అని ఆయన నోటితోనే అన్నాడు.

సీసా ఎక్కుతుండగా ఆయన అన్నను అడిగాడు. "ఏమయ్యా, ఈవిడ ఉప్పు ఎక్కువ తినేదా?"

"తినేది సారూ. గొర్రెల ఉప్పు సుత తినేది."

"మరి మానేసిందెప్పుడు?"

అన్న నావైపు చూశాడు. అతను నా పేరు చెప్పడని నాకు తెలుసు. గదిలో సీసా నుంచి చుక్క పడటం కనిపిస్తోంది. జవాబు నేను చెప్పాను.

"ఉప్పెక్కడిది సారూ. బండ్లు బందయినయి గద. ఊర్ల ఎవరింట్ల లేదు."

డాక్టరు తల ఊపాడు. "అవును, ఇక్కడా అదే గోల అయింది," అన్నాడు. నేను దవాఖానలో పని చేస్తానని అన్న ద్వారా తెలుసుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "అందుకే టయానికి కదిలావు. ఇంకో పూట ఆలస్యం చేసి ఉంటే ఇక్కడ నాకు చేసే పని ఉండేది కాదు." మా ఊరి కథ ఆ గదిలో, ఆ రెండు మాటల నుంచి పుట్టింది.

తెల్లారేసరికి వదిన కళ్ళు తెరిచింది. నీళ్ళు అడిగింది. డాక్టరు నీళ్ళలో ఉప్పు కలిపి ఇస్తే ఆమె గ్లాసు వదలకుండా తాగింది. తర్వాత ఆయన మాకు జబ్బు సంగతి చెప్పాడు. అన్న భుజాన నీళ్ళ తోలు తిత్తి వేలాడుతోంది. దాన్ని తీసుకుని వేలితో నొక్కి చూపించాడు. రక్తపు పోటు అంటే ఈ తిత్తి బిగువు లాంటిది అన్నాడు. తిత్తి బిగువుగా ఉండాలంటే రెండు దారులు. లోపల నీళ్ళు నిండుగా ఉండాలి, లేదా బయట నుంచి చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. ఒంట్లో నీళ్ళు నిలవాలంటే ఉప్పు నిలవాలి. ఉప్పు ఎక్కడ ఉంటే నీళ్ళు అక్కడ ఉంటాయి. ఉప్పును మూత్రంలో పోనీయకుండా ఆపమని మూత్రపిండాలకు చెప్పేందుకు, ఆ పిండాల మీదే టోపీల్లాగా చిన్న గ్రంథులు రెండు ఉంటాయి. వాటిలో ఊరే రసాలు రక్తంలో కలిసి ఆ మాట చేరవేస్తాయి. వాటిని హార్మోన్లు అంటారు. ఈవిడ గ్రంథులు చెడిపోయాయి, బహుశా ఎప్పుడో లోపల ముదిరిన క్షయ వల్ల. తిన్న ఉప్పు తిన్నట్టే పోతోంది, దాని వెంట నీళ్ళు పోతున్నాయి, తిత్తి వాలిపోతోంది.

అన్న శ్రద్ధగా విన్నాడు. "గుర్దా మీద కొవ్వుల ఉంటది, గదేనా సారూ? ఎర్రగ, ఇంతుంటది. మేం గొర్రెను కోసినప్పుడు గది కుక్కలకేస్తం."

"అదే. ఇకమీద కుక్కలకు వేసేటప్పుడు దండం పెట్టి వెయ్యి," అన్నాడు డాక్టరు. మంచం మీద నుంచి వదిన నవ్వింది. ఆ నవ్వు వినేదాకా ఆమె మెలకువగా ఉందని నాకు తెలియదు.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. ఒంటికి ఉప్పు నిలుపుకునే శక్తి పోయినప్పుడు నాలుకే ఆ పని మీద వేసుకుంటుంది, ఆమె అన్నాళ్ళు నడిచిందంటే ఆ నాకిన ఉప్పు వల్లే నడిచింది. ఉప్పు కరువు రాకపోయి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, అని కూడా అన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను డాక్టర్ల దగ్గరే పని చేశాను. ఆ జబ్బు గురించి దొరికినంత తెలుసుకున్నాను. ఆనాడు కోదాడ డాక్టరుకు తెలియనివి కూడా తర్వాత బయటపడ్డాయి. ఒంట్లో రక్తం తగ్గి తిత్తి వాలుతుంటే మొదట పసిగట్టేది మూత్రపిండమే. అది రక్తంలోకి ఒక పదార్థం వదులుతుంది, దానితో రక్తంలో మరొకటి తయారవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, పై గ్రంథిని తట్టి ఉప్పు నిలిపే హార్మోనును ఊరించమంటుంది. ఆల్డోస్టిరాన్ అన్న ఆ హార్మోను పేరు నేను విన్నది చాలా తర్వాత. మెదడు కింది చిన్న గ్రంథి నుంచి ఇంకో హార్మోను వచ్చి నీళ్ళను పట్టి ఉంచుతుంది. భయపడ్డప్పుడో, ఉన్నట్టుండి లేచినప్పుడో గుండెను తరిమి, నాళాలను బిగించే హార్మోన్లు వేరే ఉన్నాయి. ఇవన్నీ మనకు తెలియకుండా, మనం కూర్చుని లేచిన ప్రతిసారీ జరుగుతుంటాయి. వదిన ఒంట్లో కబురు పంపేవి అన్నీ బాగానే ఉన్నాయి. అందుకోవలసిన గ్రంథి లేదు. గ్రంథిని లేపడానికి మెదడు విడవకుండా పంపిన కబురే చర్మాన్ని నల్లబరిచింది. అరచేతి గీతల్లో, చిగుళ్ళ మీద, ఆ కొడవలి మచ్చలో ఉన్నది అదే. మాయమైన పచ్చబొట్టు నాకు చెప్పాలని చూసింది అదే.

వ్యాపారికి తల తిరిగింది తిత్తి మరీ బిగిసి, వదినకు తల తిరిగింది తిత్తి వాలిపోయి. ఈ తేడా చెప్పడానికి పరికరం కూడా అక్కరలేదు, నా వేలి కింది నాడి చాలు. అందువల్ల తెలియక చేశానని చెప్పుకునే హక్కు నాకు లేదు. తెలుసుకోవడం ఇష్టం లేక చేశాను. అన్న ముఖం తేటపడాలి, అమ్మ మెచ్చుకోవాలి, గొర్రెల ఉప్పు మిగలాలి. ఈ మూడింటికీ సరిపోయే జబ్బును వెతికి ఆమెకు అంటగట్టాను.

కోదాడ నుంచి తిరుగు ప్రయాణంలో బస్సు ఒకచోట ఆగింది. అన్న తిత్తిలో నీళ్ళు నింపుకురావడానికి దిగాడు. వదిన కిటికీ పక్కన కూర్చుని ఉంది. డాక్టరు ఇచ్చిన ఉప్పు పొట్లం ఒళ్ళో ఉంది. నా వైపు తిరగకుండానే అన్నది.

"కుండల ఉప్పు ఉండె గద, మరిదీ."

నేను ఆమె ఒళ్ళోని పొట్లం వైపు చూశాను.

"డాక్టరు ముంగట గట్లెందుకు చెప్పినవని అడుగుత లేను. మీ అన్న ముఖం సూసి చెప్పినవు. ఆ పొద్దు నాడి పట్టుకున్ననాడు గూడ గట్లనే చెప్పినవు. నాకు ఎరికే."

"ఎరికై ఉండి ఎందుకు మానినవ్ వదినా?"

"నువ్వు చెప్పినంక గూడ తింటే దొంగనే అయిత గద," అన్నది. పొట్లం సర్దుకుని, "ఒక్క పని చెయ్. నేను దొంగను గాదని మీ అమ్మకు చెప్పు. బాయికాడ నలుగురు ఇనేటట్టు చెప్పు. తతిమ్మది నీ ఇష్టం," అన్నది.

అన్న తిత్తితో వచ్చాడు. మాట అక్కడ ఆగిపోయింది.

చెప్పమన్నది చెప్పాను. ఊరికి రాగానే అమ్మకు, బావి దగ్గర ఆడవాళ్ళకు, డాక్టరు మాటగా చెప్పాను. అది జబ్బు అని, ఒళ్ళు అడిగితే నాలుక తిన్నదని, అందులో దొంగతనం లేదని. వాళ్ళు నమ్మారు. దవాఖాన మనిషి చెప్పిన మాట కదా. తతిమ్మది నా ఇష్టం అన్నది గనుక, అది చెప్పలేదు. ఉప్పు మాన్పించింది ఎవరన్నది ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఇంట్లో తెలిసిన ఇద్దరూ, అమ్మా అన్నా, మాట్లాడలేదు. నా అబద్ధంలో వాళ్ళకూ చోటు దొరికింది. ఉప్పు బండ్లు ఆగిపోవడం అందరికీ తెలిసిన కష్టం. మా ఇంటి తప్పు దానిలో కలిసిపోయింది.

తర్వాతి అమావాస్యకు అమ్మ లోపలి గది గొళ్ళెం తీసి కుండ బయటికి తెచ్చింది. గొర్రెలు దొడ్డి ముందు తొక్కిసలాడుతున్నాయి. అమ్మ దోసెడు ఉప్పు తీసి, బండల మీద చల్లకుండా, ముందు వదిన కొంగులో పోసింది. వదిన కొంగు ముడి వేసుకుని, కుండలో చెయ్యి పెట్టి, తనే బండల మీద ఉప్పు చల్లింది. అన్న గొర్రెలను వదిలాడు. ఆ నాటి నుంచి మా ఇంట్లో ఆ వరసే సాగింది. ముందు ఆమెకు, తర్వాత మందకు.

ఆమె ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. దొరికినప్పుడు కోదాడ డాక్టరు తెప్పించిన సూదిమందు, దొరకనప్పుడు ఉప్పు. ఒక వానాకాలం జ్వరం వచ్చింది. అలాంటి ఒంటికి మామూలు జ్వరం కూడా పెద్ద బరువని, గ్రంథుల సాయం లేకుండా దాన్ని మోయలేదని ఇప్పుడు తెలుసు. అప్పటికి నేను మళ్ళీ మిర్యాలగూడలో పనిలో ఉన్నాను, అక్కడి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. అన్న ఆమె కొంగు ముడి విప్పలేదని, అలాగే సాగనంపారని విన్నాను.

బడిపంతులు రేపు మళ్ళీ వస్తానన్నాడు. ఈ కాగితాలు అతనికి ఇస్తాను. తన పుస్తకంలో ఉప్పు కరువు గురించి రాసే చోట మా వదినను తీసేయమని చెబుతాను. కరువుకు వేరే సాక్షులు చాలామంది ఉన్నారు, వాళ్ళను అడిగి రాసుకోవచ్చు. ఆ ఏడు మా ఇంట్లో ఉప్పు ఉంది. లోపలి గదిలో, గోడకు ఆనించిన నల్ల కుండలో, సగానికి పైగానే ఉంది.